చదివింపుల పుస్తకం

మన పెళ్ళిళ్ళలో వరుడికంటె, వధువుకంటె, ఆ మాటకొస్తే పురోహితుడికంటె కూడా శ్రద్ధగా పనిచేసే మనిషి ఒకాయన ఉంటాడు. పందిట్లో ఒక మూల చిన్న బల్ల వేసుకుని, నోటుబుక్కు తెరిచి, చెవి మీద పెన్సిలు పెట్టుకుని కూర్చుంటాడు. ఎవరు ఎంత చదివించారో రాసుకోవడం ఆయన ఉద్యోగం. "బొబ్బిలి పెదనాన్నగారు, వెయ్యినూటపదహార్లు. పార్వతీపురం బాబాయిగారు, స్టీలు బిందె ఒకటి. టెక్కలి వియ్యంకులవారు, పట్టుచీర." ఇలా సాగుతుంది ఆ పద్దు. పెళ్ళి ఫోటోలు వెలిసిపోతాయి, పట్టుచీరకు చిల్లులు పడతాయి గాని ఆ పుస్తకం మాత్రం బీరువాలో పదిలంగా ఉంటుంది. రేపు వాళ్ళింట శుభకార్యం వచ్చినప్పుడు, మనం ఎంత చదివించాలో చెప్పేది అదే గదా!

శాస్త్రజ్ఞుల లోకంలోనూ అచ్చం ఇటువంటి పుస్తకమే ఒకటున్నది సుమండీ. ఒకాయన పరిశోధన చేసి వ్యాసం అచ్చు వేయిస్తాడు. తరువాత మరొకరు తమ వ్యాసం రాసుకుంటూ, "ఈ సంగతి మొదట ఫలానావారు కనిపెట్టారు" అని ఆయన పేరు చెబుతారు. ఇలా పేరు చెప్పడాన్ని సైటేషను అంటారు. అదే చదివింపు. ఎవరి పేరు ఎవరు ఎన్నిసార్లు చెప్పారో పద్దు రాసి పెట్టే కంపెనీలు వేరే ఉన్నాయి. ఆ పద్దును బట్టి ఉద్యోగాలు, ప్రమోషన్లు, పరిశోధనకు డబ్బు, ఒక్కొక్కప్పుడు పెళ్ళి సంబంధాలూ నిశ్చయమవుతాయి.

చివరి మాట హాస్యానికి అన్నది కాదు. మా అక్కయ్య కూతురు మెదడు మీద పరిశోధన చేస్తుంది. శ్రీకాకుళంలో పుట్టి, విజయనగరంలో మా ఇంట్లో ఉండి కాలేజీ చదువు చదివి, తరువాత ఎక్కడెక్కడో తిరిగి డాక్టరేటు తెచ్చుకున్నది. నెలలు నిండకుండా పుట్టిన పసిపిల్లల మెదడు ఎలా ఎదుగుతుంది, వినికిడి ఎప్పుడు కుదురుతుంది, మాట ఎలా వస్తుంది అన్నది ఆ పిల్ల విషయం. పసివాడి తలకు చిన్న చిన్న బిళ్ళలు అంటించి, వాడు నిద్రపోతూండగా మెల్లిగా శబ్దాలు వినిపిస్తారు. ఆ శబ్దానికి మెదడులో లేచే విద్యుత్తు అలల్ని కంప్యూటరు గీతలుగా పట్టి ఇస్తుంది.

నాలుగేళ్ళ క్రితం ఆమెకు ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడి తండ్రి రిటైరైన ప్రొఫెసరు. జాతకాల ప్రసక్తి లేదు, కట్నం ఊసు లేదు. టెలిఫోనులో అక్కయ్యను ఒక్కటే ప్రశ్న అడిగాడు: "అమ్మాయి హెచ్-ఇండెక్సు ఎంతండీ?"

అక్కయ్య ఆ రాత్రే కూతుర్ని అడిగి, మర్నాడు పొద్దున్నే నాకు ఫోను చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, పిల్లకి హెచ్ పదకొండే ఉందిటరా. ఆడపిల్లకి పన్నెండైనా ఉండాలంటారు గదా! రక్తం తక్కువైపోయింది కాబోలు. హాస్టలు తిండి తిని తిని ఇలా అయిపోయింది. ఖర్జూరం పంపించనా?"

నేను ముప్పైనాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. అంకె కనిపిస్తే దాని వెనక ఏముందో చూడకుండా ఉండలేను. మేనకోడల్ని కూర్చోబెట్టి సాంతం చెప్పించుకున్నాను.

ఈ పద్దుల విద్యకు మూలం ప్లీడర్లట! కన్యాశుల్కం చదివినవాళ్ళకు మా జిల్లాల ప్లీడర్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఏ ప్లీడరైనా కోర్టులో నిలబడి, ఫలానా కేసులో ఫలానా జడ్జీ ఇలా తీర్పు చెప్పాడని పాత తీర్పు ఎత్తి చూపిస్తాడు. ఆ తీర్పు తరువాత నిలిచిందా, కొట్టివేశారా అన్నది తెలియకపోతే కొంప మునుగుతుంది. అందుకని అమెరికాలో 1873లో షెపర్డ్ అనే ఆయన, ఏ తీర్పును తరువాత ఏ ఏ తీర్పుల్లో ప్రస్తావించారో జాబితాలు వెయ్యడం మొదలుపెట్టాడు. దాన్ని చూసి, శాస్త్రానికీ ఇటువంటిది ఉంటే బాగుంటుందని యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ఒక వ్యాసం రాశాడు. 1964లో ఫిలడెల్ఫియాలోని ఆయన సంస్థ సైన్స్ సైటేషన్ ఇండెక్సును అచ్చు వేసి అమ్మకానికి పెట్టింది. ఒక వ్యాసం దొరికితే, దాని వెంట వచ్చిన వ్యాసాలన్నీ దొరకాలన్నది ఆయన మొదటి ఉద్దేశం. అది దారి చూపించడానికి పెట్టిన దీపం. తరువాత్తరువాత అందరూ ఆ దీపానికి ఎంత వెలుతురుందో కొలవడం మొదలుపెట్టారు.

ఇక హెచ్-ఇండెక్సు. కాలిఫోర్నియాలో భౌతికశాస్త్రం ప్రొఫెసరైన హోర్హే హిర్ష్ 2005లో దీన్ని ప్రతిపాదించాడు. ఇది మా ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా అర్థమయ్యే లెక్క. మనిషి రాసిన వ్యాసాలను ఎక్కువ చదివింపులు వచ్చినది పైన, తక్కువ వచ్చినది కింద వరసగా పేర్చండి. పై నుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ దిగండి. వ్యాసం వరస సంఖ్యకంటె దాని చదివింపులు తక్కువైన చోట ఆగిపోండి. దానికి పైనున్న సంఖ్యే హెచ్.

ఉదాహరణ చూడండి. ఒకాయన ఐదు వ్యాసాలు రాశాడు. వాటికి వచ్చినవి 100, 50, 3, 2, 1. మొత్తం 156. మూడో వ్యాసానికి మూడున్నాయి, సరే. నాలుగోదానికి రెండే ఉన్నాయి, కుదరదు. కనుక ఆయన హెచ్ మూడు. ఇంకొకాయన కూడా ఐదు వ్యాసాలే రాశాడు. ప్రతిదానికీ ఐదేసి వచ్చాయి. మొత్తం 25. ఆయన హెచ్ ఐదు! నూట యాభైయారు వచ్చినవాడికి మూడు, ఇరవై అయిదు వచ్చినవాడికి అయిదు. ఇదేం న్యాయమని మీరు అడగవచ్చును. ఒక్క దెబ్బకు పేరు వచ్చినవాడికంటె, నిలకడగా పనిచేసేవాడికి మార్కులివ్వాలని దాని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కాని ఆ మొదటాయన రాసిన మొదటి వ్యాసంలో ప్రపంచాన్ని తిప్పేసే సంగతి ఉంటే? ఆ లెక్కకు అది తెలియదు.

చదివింపుల పుస్తకంలో ఎన్ని మాయలు ఉన్నాయో ఇందులోనూ అన్నీ ఉన్నాయి. మీరు మాకు చదివిస్తే మేము మీకు చదివిస్తామనే పద్ధతి ఒకటి. తన పాత వ్యాసాలను తానే ప్రస్తావించుకోవడం మరొకటి. సొంత పెళ్ళికి తానే కవరు అందించుకున్నట్టు! పాత పని మీద కొత్త పని కట్టేటప్పుడు కొంతవరకు అది తప్పదు. మితిమీరితేనే నవ్వులపాలు.

అన్నిటికంటె పెద్ద చిక్కు పేర్లతో వస్తుంది. మా వైపు వీధికి ముగ్గురు అప్పలరాజులు, నలుగురు సింహాచలాలు ఉంటారు. పండగనాడు రైలు స్టేషనులో "అప్పారావూ" అని కేకేస్తే పదిమంది తిరిగి చూస్తారు. ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక పెట్టుకోవడం మన ఆచారం. పడమటి దేశాల పద్దు పుస్తకాల్లో ఇది తారుమారవుతుంది. మా మేనకోడలి వ్యాసాలు రెండు మొదట్లో మరెవరి ఖాతాలోనో జమ అయ్యాయి. రసాయనశాస్త్రం చదివిన ఒక మహానుభావుడి వ్యాసం ఒకటి ఈమె ఖాతాలో పడింది. ఈ గొడవ తీర్చడానికే 2012 నుంచి పరిశోధకులకు ఆర్కిడ్ అని పదహారు అంకెల నంబరు ఇస్తున్నారు. శాస్త్రజ్ఞులకు కూడా రేషను కార్డు వచ్చిందన్నమాట.

మరొక చిక్కు, ఎవరి ఊరు ఎంత పెద్దది అన్నది. వెయ్యి గడపల ఊళ్ళో పెళ్ళికి వచ్చే చదివింపులు, ఇరవై గడపల ఊళ్ళో పెళ్ళికి రావు. గిడుగు రామమూర్తి పంతులుగారు మా శ్రీకాకుళం వైపు పర్వతాలపేటలో 1863లో పుట్టినవారు. కొండల్లో సవరలతో కలిసి తిరిగి, వాళ్ళ భాష నేర్చుకుని, 1931లో సవర భాషకు వ్యాకరణ గ్రంథం, 1938లో నిఘంటువు వెలువరించారు. సవర భాష మీద రాసేవాళ్ళు ప్రపంచం మొత్తం మీద ఎంతమంది ఉంటారు? వాళ్ళందరూ ఆయన పేరు చెప్పుకున్నా లెక్క కొద్దిగానే తేలుతుంది. కాన్సరు మీద సాధారణమైన వ్యాసం రాసినవాడికి అంతకంటె ఎక్కువ రావచ్చు. అందుచేత ఒక రంగం వాణ్ణి మరో రంగం వాడితో ఈ అంకెతో తూచకూడదు. మెదడు శాస్త్రంలో కూడా మతిమరుపు వ్యాధి మీద పనిచేసేవాళ్ళు వేలకు వేలు, పసిపిల్లల వినికిడి మీద పనిచేసేవాళ్ళు కొద్దిమంది.

ఎక్కువ చదివింపులు వచ్చినదే గొప్పదా అంటే అదీ కాదు. ప్రపంచంలో అత్యధికంగా ప్రస్తావించిన వ్యాసం ఏది అనుకుంటున్నారు? ఐన్‌స్టీన్‌ది కాదు. ఆలివర్ లౌరీ అనే అమెరికన్ 1951లో సహచరులతో కలిసి రాసినది. ద్రవంలో ప్రోటీను ఎంతుందో కొలిచే పద్ధతి అందులో ఉన్నది. 2014 నాటికే మూడు లక్షల ప్రస్తావనలు దాటిపోయింది. ఆయన మెదడు కణాల రసాయనాన్ని తూచడంలో జీవితం గడిపిన మనిషి. ఆ వ్యాసం అంత గొప్పదేమీ కాదని ఆయనే ఒప్పుకున్నాడు. వంటింట్లో గరిటెలాంటిది అది. రోజూ అందరికీ కావాలి.

ఈ గరిటెల వరసలో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు గారిది కూడా ఉన్నది. 1925లో ఫిస్కెతో కలిసి, రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో రంగును బట్టి తేల్చే పద్ధతి ప్రకటించాడాయన. తరతరాల ప్రయోగశాలలవాళ్ళు "ఫిస్కె–సుబ్బారో పద్ధతి" అంటూ ఆయన పేరు చెప్పుకున్నారు. అత్యధిక ప్రస్తావనల జాబితాల్లోకి ఆ వ్యాసం ఎక్కింది. అయితే ఆయన బృందం తరువాత తెచ్చిన మందుల వల్ల ప్రాణం నిలిచిన రోగి ఏ పత్రికలో వ్యాసం రాస్తాడు? ఎవరి పేరు ఉదహరిస్తాడు?

చదివింపుల సంగతి ఇలా ఉండగా, కలిసి పనిచేయడాన్ని కొలిచే లెక్క వేరే ఉన్నది. ఎవరు ఎవరితో కలిసి వ్యాసం రాశారో గీతలు గీసి, సాలెగూడులాంటి పటం తయారు చేస్తారు. మా మేనకోడలు తన పటాన్ని కంప్యూటరు మీద చూపించింది. అది చూస్తే మా పెద్దక్కయ్య పెళ్ళిలో వియ్యాలవారి, కయ్యాలవారి వంశవృక్షాలు జ్ఞాపకం వచ్చాయి. హైదరాబాదుకు ఒక గీత, బెంగుళూరుకు రెండు గీతలు, ఫిన్లండుకు ఒక గీత.

ఒకప్పుడు శాస్త్రజ్ఞుడు ఒంటరిగానో, శిష్యుడితోనో కలిసి రాసేవాడు. ఇప్పుడు ఉమ్మడి కుటుంబాలు వచ్చాయి. 2015లో యూరపులోని సెర్న్ ప్రయోగశాల నుంచి వచ్చిన భౌతికశాస్త్ర వ్యాసానికి 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో వ్యాసం, దాని ఆధారాలు కలిపి తొమ్మిది పేజీలు, తక్కిన ఇరవై నాలుగూ పేర్లూ వాళ్ళ సంస్థలూను! దానికి ఒక చదివింపు వస్తే ఎవరి ఖాతాలో వెయ్యాలి? అందరికీ పూర్తిగా ఒకటి వేస్తారా, ఐదువేల వంతు వేస్తారా? పంపకాల దగ్గర అన్నదమ్ములు తగవులాడుకున్నట్టే పండితులు దీని మీద తగవులాడుకుంటున్నారు.

పేర్ల వరసకు కూడా అర్థాలున్నాయి. వైద్యం, మెదడు మొదలైన శాస్త్రాల్లో పని ఎక్కువ చేసినవాడి పేరు మొదట, పని నడిపించిన పెద్ద పేరు చివర వేయడం అలవాటు. మధ్యవాళ్ళది మన ఇళ్ళల్లో మధ్య కొడుకు స్థితే. మరి పేరే లేనివాళ్ళో? "మావయ్యా, కొండ మీద ఊళ్ళో పసివాణ్ణి ఏడవకుండా నిద్రపుచ్చడం నాకు చేత కాదు. అక్కడి ఆశా కార్యకర్త జోకొడితేనే వాడు పడుకునేవాడు. వాడు పడుకుంటేనే నాకు గీతలు వచ్చేవి. ఆమె పేరు ఏ పటంలోనూ లేదు. చివర కృతజ్ఞతల్లో ఒక వాక్యం రాశాను" అన్నది మా అమ్మాయి.

ఆ కొండ మీద ఊరి సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను.

ఆమె సీతంపేట కొండల్లో మూడేళ్ళు తిరిగి పసిపిల్లల కొలతలు తీసుకున్నది. వ్యాసాలు రెండు వచ్చాయి. ఇంతలో ఒక పెద్ద సంస్థలో పర్మనెంటు ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ఆరు నెలల వ్యవధి ఉన్నది. ఈలోగా పాత కొలతలనే అటూ ఇటూ తిప్పి ఇంకో రెండు వ్యాసాలు రాయమనీ, వాటిలో తన పాతవాటిని బాగా ప్రస్తావించుకోమనీ, అంకె పన్నెండో పదమూడో అవుతుందనీ స్నేహితులు సలహా ఇచ్చారు. అదే సమయంలో కొండ నుంచి కబురు వచ్చింది. కొలతలు తీయించుకున్న ఒక తల్లి ఆశా కార్యకర్త చేత ఫోను చేయించింది. "అమ్మా, మా గుంటలకి మిసన్లు పెట్టి సూసేవు గదా, ఏటి తేలిందో సెప్పనేదు" అన్నది.

ఆ ఒక్క మాట మా మేనకోడల్ని నిద్రపోనివ్వలేదు. పిల్లల్లో నలుగురికి వినికిడి సరిగా లేదని కొలతల్లో కనిపించింది. నియమం ప్రకారం ఆ కాగితాలు ఆసుపత్రికి పంపించింది. పంపించడం వేరు, అవి తల్లికి చేరడం వేరు. చేరినా, ఏం చెయ్యాలో ఆవిడకు తెలియడం వేరు. పసితనంలో వినికిడి లోపం పట్టుకుని యంత్రం పెట్టిస్తే మాట వస్తుంది. మూడు నాలుగేళ్ళు దాటితే చాలా కష్టం. మెదడులో శబ్దాలకు కేటాయించిన చోటు శబ్దాలు అందకపోతే తీరు మారిపోతుంది.

అక్కయ్య ఒకటే పోరు. "ఉద్యోగం వచ్చాక కొండలెక్కు. ముందు ఆ హెచ్ సంగతి చూసుకో" అని. మా ఆవిడ మరోలా అన్నది: "పిల్లలు ఆర్నెల్లు ఆగుతారుటే వదినా?" ఇంట్లో రెండు పక్షాలయ్యాయి. నేను ఏమీ అనలేదు. ముప్పైయేళ్ళ వయసున్న మనిషికి నిర్ణయం తీసుకోవడం వచ్చు.

ఆమె కొండకు వెళ్ళింది. రెండు నెలలు ఊరూరా తిరిగి, ప్రతి తల్లికీ ఆమె బిడ్డ సంగతి ఆమె మాటలో చెప్పింది. ఆ నలుగురిలో ముగ్గురిని విశాఖపట్నం తీసుకువెళ్ళి చూపించే ఏర్పాటు చేయించింది. నాలుగో కుటుంబం ఒరిస్సా వైపు పనికి వలసపోయింది. వాళ్ళ కోసం ఇంకా కబుర్లు పంపుతూనే ఉన్నది. ఆ రెండు నెలల వల్ల పెరిగిన సైటేషన్లు: సున్న.

ఇంటర్వ్యూలో పదకొండు అంకెతో వెళ్ళింది. పందొమ్మిది ఉన్నాయనకు ఉద్యోగం ఇచ్చారు. ఆయనా సమర్థుడే, అందులో సందేహం లేదు. ఈమెకంటె తొమ్మిదేళ్ళు పెద్దవాడు. హెచ్ అనేది పెరగడమే గాని తరగడం ఉండదు. మనిషి చేతులు కట్టుకుని కూర్చున్నా పాత వ్యాసాలకు చదివింపులు వస్తూనే ఉంటాయి. ఆ తరువాత రెండేళ్ళలో మా మేనకోడలి అంకె పద్నాలుగైంది. దాని కోసం ఆమె చేసింది ఏమీ లేదు, కాలం గడవడం తప్ప.

అంకెను తిట్టడం నా ఉద్దేశం కాదు. దానికి రావలసిన మర్యాద దానికి ఇవ్వాలి. మా పిల్లకు ఢిల్లీలో మేనమామ లేడు. ఉన్న మేనమామ విజయనగరంలో రిటైరైన లెక్కల మాస్టరు. ఒకనాడు సిఫార్సు ఉత్తరం లేనిదే గుమ్మం తెరిచేవారు కారు. ఏ సిఫార్సూ లేకుండా ఆమెకు ఇంటర్వ్యూ కాగితం వచ్చిందంటే, దూరాన ఉన్న అపరిచితులు ఆమె పని చదివి పేరు చెప్పారన్న రుజువు ఉండబట్టే. అంకె తలుపు దగ్గర కాపలావాడిలా ఉంటే మంచిదే. జడ్జీగారి కుర్చీలో కూర్చుంటేనే ఇబ్బంది. ఈ మాట పెద్దలే అన్నారు. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సమావేశమైన సంపాదకులు, శాస్త్రజ్ఞులు, పత్రిక అంకెను చూసి మనిషికి విలువ కట్టవద్దనీ, అతను చేసిన పనిని చదివి కట్టమనీ ప్రకటన చేశారు. హెచ్‌ను కనిపెట్టిన హిర్ష్ కూడా 2020లో దానివల్ల అనుకోని చెడు ఫలితాలు వచ్చాయని రాశాడు.

ఇదంతా ఆలోచిస్తూంటే నాకు మా శ్రీకాకుళం మనిషి ఒకరు కళ్ళముందు మెదులుతారు. డాక్టరు వులిమిరి రామలింగస్వామి గారు. 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, ఆక్స్‌ఫర్డులో 1951లో డాక్టరేటు తీసుకున్నారు. 1969 నుంచి పదేళ్ళు ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు డైరెక్టరు. తరువాత 1986 వరకు భారత వైద్య పరిశోధనా మండలి అధిపతి. 1986లోనే లండను రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. 2001 మే 28న కన్నుమూశారు.

ఆయన మెదడు శాస్త్రజ్ఞుడని ఏ పద్దులోనూ ఉండదు. ఆయనది పాథాలజీ, పోషకాహారం. అయినా ఈ దేశంలో పిల్లల మెదళ్ళకు ఆయన పని చేసిన మేలు ఇంతా అంతా కాదు. తల్లి గర్భంలో ఉన్నప్పుడు అయొడిను చాలకపోతే బిడ్డ మెదడు సరిగా ఎదగదు. చెవుడు, మూగతనం, మందబుద్ధి వస్తాయి. పెద్దవాళ్ళకు మెడ దగ్గర గాయిటరు కాయ కడుతుంది. హిమాలయాల అడుగున ఉన్న ఊళ్ళలో తరతరాలుగా ఇదే గతి. ఉప్పులో అయొడిను కలిపితే సరిపోతుందని స్విట్జర్లండులోనూ, అమెరికాలోనూ 1920లలోనే తెలుసు. కాని వానకు తడిసే మన ముతక ఉప్పులో అది నిలుస్తుందా? మన పల్లెల్లో పనిచేస్తుందా? రుజువు కావాలి.

1956లో కాంగ్రా లోయలో ఆయన, సూచ్ అనే సహచరుడు, మరికొందరు కలిసి ఆ రుజువు కోసం పూనుకున్నారు. సుమారు లక్షమంది జనం ఉన్న ప్రాంతాన్ని మూడు భాగాలు చేశారు. రెండు భాగాలకు అయొడిను కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు. కొన్నేళ్ళకు మొదటి రెంటిలో పిల్లల మెడల్లో కాయలు బాగా తగ్గాయి, మూడోదానిలో తగ్గలేదు. తరువాత మూడోదానికీ ఆ ఉప్పే ఇస్తే అక్కడా తగ్గాయి. మా స్కూల్లో త్రైరాశికంలా తేటతెల్లమైన లెక్క! 1962లో దేశంలో గాయిటరు నివారణ కార్యక్రమం మొదలైంది. 1992లో దాని పేరే మార్చి, గాయిటరు ఒక్కటే కాదు, అయొడిను లోపం వల్ల వచ్చే జబ్బులన్నిటి మీదా యుద్ధమన్నారు.

కాంగ్రా వ్యాసాలు 1965లోనూ, 1973లోనూ ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చాయి. రెంటిలోనూ సూచ్ పేరు మొదట, రామలింగస్వామి గారి పేరు చివర. 1996లో యూనిసెఫ్ నివేదికలో మరి ఇద్దరితో కలిసి ఆయన మరొక వ్యాసం రాశారు. ఆఫ్రికాకంటె దక్షిణాసియాలో పిల్లలు ఎందుకు ఎక్కువగా కృశించి ఉన్నారన్నది అందులో ప్రశ్న. స్త్రీల స్థితి హీనంగా ఉండడం ముఖ్య కారణమని వారి జవాబు. అంకెలున్న శాస్త్ర పత్రిక కాదది, అందరూ చదివే నివేదిక. అయినా పండితులు దాన్ని ఈనాటికీ ప్రస్తావిస్తూనే ఉన్నారు.

ఈ చదివింపులన్నీ కూడితే ఎన్ని వేలైనా కావచ్చు. వాటిలో కాంగ్రా లోయ తల్లులవి లేవు. మాట వచ్చిన పిల్లలవి లేవు.

మా మేనకోడలికి కిందటేడు మరొక ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. అక్కడివాళ్ళు అంకె అడగలేదు. "మీ పనుల్లో మంచివి మూడు పట్టుకురండి, అవి ఎవరికి ఎందుకు పనికి వచ్చాయో చెప్పండి" అన్నారట. రెండు వ్యాసాలు, కొండ మీద రెండు నెలల కథ పట్టుకువెళ్ళింది. ఆ ప్రొఫెసరుగారి సంబంధం ఏమైందని మీరు అడుగుతారని తెలుసు. పిల్లవాడు తనంతట తానే ఫోను చేసి, తన హెచ్ తొమ్మిదేనని ఒప్పుకున్నాడు. ఆషాఢం వెళ్ళాక ముహూర్తాలు చూస్తున్నాం.

టెక్కలి దాటి నౌపడ వైపు వెళితే ఉప్పుమళ్ళు కనిపిస్తాయి. ఎండకు తెల్లగా మెరుస్తూ ఉప్పు రాశులు. ఇప్పుడు అంగట్లో మనం కొనే ఉప్పు పొట్లాల్లో చాలావాటి మీద అయొడిను కలిపినదని రాసి ఉంటుంది. మనం ఎవరమూ చదవం. పప్పులో వేస్తాం, పులుసులో వేస్తాం, చంటిపిల్ల తల్లికి పత్యం చారులో వేస్తాం. ఉప్పు తిన్న విశ్వాసం అని మన పెద్దలు ఒక మాట అంటూ ఉంటారు. ఆ లెక్కన చూస్తే, ఏ పుస్తకంలోనూ పేరు రాయించుకోకపోయినా, మనమందరమూ ఆ శ్రీకాకుళం డాక్టరుగారి ఉప్పు, ఆ సూచ్‌గారి ఉప్పు తిన్నవాళ్ళమే.